ఫ్లాపీ డ్రైవ్‌కు తలకిందుల సలహాలు

ఎంబ్రాయిడరీ మిషన్ ఫ్లాపీ తీసుకోవడం లేదంటే సూరత్ అమ్రోలిలో ఎవరైనా చెప్పే మాట ఒకటే: "ఆ డబ్బా పీకి పారేసి యూఎస్‌బీ పెట్టించెయ్." చెప్పేవాళ్లు మంచికే చెబుతారు. ఖర్చు తక్కువ, పని తొందరగా తేలిపోతుంది, సాయంత్రానికి మిషన్ మళ్లీ నడుస్తుంది. నా సలహాలు మాత్రం దీనికి పూర్తిగా అడ్డం. డ్రైవ్ పారేయకండి, దాన్ని బాగుచేయకండి, కంప్యూటర్ ఫార్మాట్ చేయమంటే చేయకండి, పాత కంప్యూటర్‌ని కొత్తదానిగా మార్చకండి. వింటే తలతిక్క మాటల్లా ఉంటాయని తెలుసు. అయినా చెబుతున్నాను, ఎందుకంటే పోగొట్టుకోకూడనిది ఫ్లాపీలో ఉన్న డిజైన్. మిషన్ పాతదైతే ఇంకోటి దొరుకుతుంది. ఆ డిజైన్ పంచింగ్ చేసినవాడు ఊరెళ్లిపోయి ఉంటాడు, చేయించిన సేఠ్ వ్యాపారం మార్చేసి ఉంటాడు. అచ్చు అదే బుటా మళ్లీ రాదు.

సిరిసిల్ల, కరీంనగర్ వైపు నుంచి సాంచాల (మరమగ్గాల) పని మీద సూరత్ వచ్చిన మనవాళ్లు లింబాయత్, దిండోలి వైపే ఎక్కువ. అయినా పని ఉన్నచోటికే మనిషి వెళతాడు కదా. తపతి దాటితే వచ్చే అమ్రోలి, కోసాడ్ కార్ఖానాల్లో ఈ మిషన్ల దగ్గర నిలబడే తెలుగువాళ్ల కోసమే ముఖ్యంగా ఇది రాస్తున్నాను. ఫ్లాపీ చెడితే ముందు మాట పడేది కారిగరే.

ఇంత చిన్న ఫ్లాపీ అంతకాలం ఎలా సరిపోయిందో ముందు చూడండి. ఎంబ్రాయిడరీ మిషన్లు చేసే తజిమా వాళ్ల డీఎస్‌టీ డిజైన్ ఫైలుకు మొదట 512 బైట్ల తలకట్టు ఉంటుంది, ఆ తర్వాత ఒక్కో కుట్టుకు 3 బైట్లు. 50 వేల కుట్ల డిజైన్ అయినా లక్షన్నర బైట్ల కంటే కొంచెమే ఎక్కువ అవుతుంది, అంతే. అలాంటివి 720 కేబీ ఫ్లాపీలో నాలుగు, 1.44 ఎంబీ ఫ్లాపీలో తొమ్మిది పడతాయి. చీర పనికి అది చాలు. అందుకే బీరువా అడుగున ఉన్న ఒక్క అట్టపెట్టెలో ఒక కార్ఖానా చరిత్రంతా పట్టేస్తుంది.

పాత డ్రైవ్ ఒక ఫ్లాపీ చదివి ఒకటి చదవక సతాయిస్తుంటే దాన్ని మెకానిక్‌కి ఇవ్వకండి. ఇది నా సలహాల్లో అందరికీ కోపం తెప్పించేది. మూడున్నర అంగుళాల ఫ్లాపీ మీద ఒక్కో వైపు 80 ట్రాకులుంటాయి, అంగుళానికి 135 చొప్పున. ఏళ్లు గడిచేకొద్దీ డ్రైవ్ హెడ్ తన చోటు నుంచి వెంట్రుకవాసి జరుగుతుంది. అలా జరిగిన డ్రైవ్ రాసిన ఫ్లాపీల్లో ట్రాకులు కూడా అంతే జరిగి ఉంటాయి. ఆ ఫ్లాపీలను బాగా చదవగలిగేది ఆ వంకర డ్రైవే. మెకానిక్ దాన్ని సరిగ్గా నిలబెట్టాడంటే కొత్త ఫ్లాపీలు చక్కగా చదువుతుంది, మీ పాతవి మాత్రం ఇక చదవదు. కాబట్టి ముందు ఆ వంకరతోనే అన్నీ చదివించి కాపీ తీసుకోండి. రిపేరు ఆ తర్వాత.

శుభ్రం చేయడం మాత్రం తప్పదు. ఎంబ్రాయిడరీ షెడ్డులో దారపు నూగు, జరీ పొడి డ్రైవ్ నోట్లోంచి లోపలికి పోతూనే ఉంటాయి. మూత తీస్తే హెడ్ పక్కన పట్టాల మీద బూడిదరంగు దూది పేరుకుని కనిపిస్తుంది. దాన్ని మెత్తటి బ్రష్‌తో తీసేయండి. హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడవండి. థిన్నర్, పెట్రోలు దగ్గరికి రానివ్వకండి. పైన ఉన్న హెడ్ సన్నటి స్ప్రింగు మీద వేలాడుతుంది, దాన్ని వేలితో పైకెత్తితే మళ్లీ సరిగా కూర్చోదు. ఫ్లాపీ తిరుగుతూ కీచుమంటే వెంటనే బయటికి తీయండి. లోపలి పూత ఊడి హెడ్‌కి అంటుకుంటోందని ఆ శబ్దానికి అర్థం. ఆ హెడ్ తుడవకుండా తర్వాతి ఫ్లాపీ పెడితే అది కూడా పోయినట్టే.

ఇక కంప్యూటర్ సంగతి. మదర్‌బోర్డు మీద 34 పిన్నుల ఫ్లాపీ సాకెట్ ఉన్న పాత కంప్యూటర్, విండోస్ ఎక్స్‌పీ లేదా 98 ఉన్నది, ఎవరైనా తుక్కుకి వేస్తుంటే అడిగి తెచ్చుకోండి. ఇంటర్నెట్ పెట్టకండి, అప్‌డేట్ చేయకండి, మూలన ఉంచండి. యూఎస్‌బీకి తగిలించే ఫ్లాపీ డ్రైవ్ ఉంటే చాలదా అంటారు. మామూలు డాస్ ఫ్లాపీలకైతే చాలు. మిషన్ కంపెనీలు తమ సొంత పద్ధతిలో రాసినవాటి ముందు అది చేతులెత్తేస్తుంది.

డ్రైవ్ బిగించేటప్పుడు కేబుల్‌ని చేతిలోకి తీసుకుని ఒకసారి నిదానంగా చూడండి. బూడిదరంగు పట్టీ, 34 తీగలు, ఒక అంచున ఎర్రగీత. ఆ గీత ఉన్న వైపు ఒకటో పిన్నుకు రావాలి. పట్టీ ఒక చివర దగ్గర 10 నుంచి 16 దాకా ఏడు తీగలు విడిపోయి మెలితిరిగి ఉంటాయి. చూసినవాళ్లు కేబుల్ పాడైందనుకుంటారు, కొందరు కత్తిరించి నిటారుగా అతికిస్తారు కూడా. దాన్ని ముట్టుకోకండి. ఐబీఎం తన పీసీల కోసం కావాలని పెట్టిన మెలిక అది. డ్రైవులన్నింటికీ జంపర్ ఒకే చోట ఉంచి, మెలికకు అవతల ఉన్నది ఎ, ఇవతల ఉన్నది బి అని తేల్చడానికి. ఎంబ్రాయిడరీ మిషన్లలో చాలావాటికి మెలిక లేని కేబుల్ ఉంటుంది, డ్రైవ్ జంపర్ సున్నా నంబరు మీద ఉండాలి. పీసీ డ్రైవ్ తీసి మిషన్‌లో పెడితే పనిచేయకపోవడానికి సగం కారణం ఇదే.

కేబుల్ తిరగబడితే డ్రైవ్ ముందున్న పచ్చలైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. అప్పుడు డ్రైవ్ పోయిందని అనుకోకండి. ఆపి, కేబుల్ తిప్పి పెట్టండి. అంతకన్నా ముఖ్యమైనది: కేబుల్ కదిపాక మొదట డిజైన్లున్న అసలు ఫ్లాపీ పెట్టనే పెట్టకండి. తిరగబడ్డ కేబుల్‌లో రాతకు ఆజ్ఞ ఇచ్చే తీగ కూడా భూమికి తగులుతుంది, ఫ్లాపీ లోపల ఉంటే దాని మీద చెత్త రాసేయగలదు. ఖాళీ ఫ్లాపీతో పరీక్షించండి. అసలువాటికి మూలన ఉన్న చిన్న కిటికీ తెరిచి ఉంచండి, తెరిచి ఉంటే రాయడం కుదరదు. కరెంటు ప్లగ్గు కూడా ఒక పిన్ను పక్కకు జరిగి కూర్చోవచ్చు, అలా ఉండగా కరెంటు ఇస్తే డ్రైవ్ కాలిపోవచ్చు.

బయోస్‌లో డ్రైవ్ ఎ దగ్గర 1.44 ఎంబీ, మూడున్నర అంగుళాలు అని మీ చేత్తో పెట్టండి. జపాన్‌లో వాడే 1.2 ఎంబీ పద్ధతి కోసం త్రీ మోడ్ అని ఒక వరుస ఉంటుంది, అది ఆపి ఉంచండి. కంప్యూటర్ తొందరగా లేవాలని అందరూ ఫ్లాపీ సీక్‌ను ఆపేస్తారు. మీరు ఆపకండి. పొద్దున స్విచ్ వేయగానే హెడ్ కదిలిన గరగర వినిపిస్తే డ్రైవ్ బతికే ఉందని తెలుస్తుంది. ఈ అమరిక రోజూ చెరిగిపోతుంటే తప్పు డ్రైవ్‌ది కాదు, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ అయిపోయింది.

ఇప్పుడు అసలు ప్రమాదం. మిషన్ నుంచి తీసిన ఫ్లాపీ కంప్యూటర్‌లో పెట్టగానే విండోస్ ఒక ప్రశ్న వేస్తుంది: ఈ డిస్క్ ఫార్మాట్ కాలేదు, ఇప్పుడు చేయమంటారా? వద్దనండి. ఎన్నిసార్లు అడిగినా వద్దనండి. విండోస్ చెప్పేది నిజం కాదు. ఆ ఫ్లాపీ ఫార్మాట్ అయ్యే ఉంది, కాకపోతే బరుడాన్ మిషన్ల వాళ్ల ఎఫ్‌డీఆర్ లాంటి పద్ధతిలో, విండోస్‌కి తెలియని భాషలో. సరే అని నొక్కిన క్షణమే డిజైన్లు మాయం, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. అమ్రోలి కార్ఖానాల్లో డిజైన్లు పోయేది ఎక్కువగా ఇలాగే అని నా నమ్మకం, ఎందుకంటే ఆ బటన్ నొక్కేవాడికి తప్పు చేస్తున్నానని అనిపించదు, సాయం చేస్తున్నాననే అనిపిస్తుంది. ఇలాంటి ఫ్లాపీలను ఫైళ్లుగా కాకుండా మొత్తంగా ఇమేజ్ తీయాలి. పద్ధతి తెలియకపోయినా అయస్కాంతపు రాతను ఉన్నదున్నట్టు పట్టుకునే గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు ఉంది, మామూలు పీసీ డ్రైవ్‌కే తగిలించవచ్చు. అందులో చదివించి దాచుకుంటే అర్థం చేసుకోవడం తర్వాతైనా చేయవచ్చు.

ఇంకో మోసం చూడండి. ఒక ఫ్లాపీ తీసి రెండోది పెట్టినా తెరమీద మొదటిదాని డిజైన్ల పేర్లే కనబడుతుంటాయి. ఫ్లాపీ మారిందని చెప్పే 34వ పిన్ను సంకేతం అందకపోతే ఇలా అవుతుంది. అది తెలియక రెండోదాని మీద రాస్తే, కంప్యూటర్ మొదటిదాని పట్టిక ప్రకారం రాసి రెండోదాన్ని నాశనం చేస్తుంది. పేర్లు మారలేదంటే చేయి తీసేయండి. మిషన్లలో కొన్ని ఇదే పిన్ను మీద డ్రైవ్ సిద్ధమన్న సంకేతం ఆశిస్తాయి, అందుకే మార్కెట్లో దొరికిన పీసీ డ్రైవ్‌ను జంపర్లు మార్చకుండా మిషన్‌లో పెట్టలేం.

720 కేబీ ఫ్లాపీలు దొరకడం లేదని 1.44 ఫ్లాపీ రంధ్రానికి టేపు అంటించి వాడటం కార్ఖానాల్లో అలవాటు. ఆ రోజుకి పని జరుగుతుంది. కానీ రెండింటి పూత వేరు, కొన్నాళ్లకు రాత పలచబడుతుంది. టేపు ఫ్లాపీలో డిజైన్‌ని మిషన్ దాకా మోయండి, దాచకండి. ఎక్స్‌పీలో 720గా ఫార్మాట్ చేయాలంటే ట్రాకులు 80, సెక్టార్లు 9 అని కమాండ్‌లో చెప్పాలి. మామూలు కిటికీలో ఆ ఎంపిక కనిపించదు.

ఇమేజ్‌లన్నీ తీసి రెండు చోట్ల దాచాక అప్పుడు పెట్టించండి గోటెక్ లాంటి యూఎస్‌బీ డబ్బా. 720కి ఒక మోడల్, 1.44కి ఒక మోడల్ ఉంటాయి, మిషన్‌కి ఏది కావాలో అదే తేవాలి. మెలిక లేని కేబుల్‌కి జంపర్ ఎస్0 మీద, పీసీ కేబుల్‌కి ఎస్1 మీద పెట్టండి. డబ్బాతో వచ్చే పద్ధతిలో పెన్‌డ్రైవ్‌ని ముక్కలుగా చేస్తే విండోస్‌కి మొదటి ముక్కే కనిపిస్తుంది. మిగతావి పోయాయని హడలిపోయి మళ్లీ ఫార్మాట్ చేయకండి. తీసిన పాత డ్రైవ్‌ను గుడ్డలో చుట్టి ఫ్లాపీల పెట్టెలోనే ఉంచండి.

ఆ పెట్టె నేల మీద మాత్రం వద్దు. 2006 ఆగస్టులో తపతి మీది ఉకాయ్ డ్యామ్ నుంచి నీళ్లు వదిలినప్పుడు సూరత్‌లో చాలా భాగం మునిగింది. ఫ్లాపీ తడిసినా ఎండలో పెట్టకండి. ప్లాస్టిక్ తొడుగు విప్పి, లోపలి పలకను డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి, నీడలో ఆరనిచ్చి, వేరే ఫ్లాపీ తొడుగులో వేస్తే చాలాసార్లు చదువుతుంది. వానాకాలపు చెమ్మకి బూజు పట్టినదాన్ని కడగకుండా డ్రైవ్‌లో పెట్టకూడదు.

సోనీ 2011 మార్చిలో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. జపాన్ ప్రభుత్వం 2024లో దాదాపు తన నిబంధనలన్నింటి నుంచి ఫ్లాపీని తీసేసింది. మీ షెడ్డులో ఉన్నవి ఇంకెన్నాళ్లు చదువుతాయో లెక్క లేదు. ఈ వారంలో ఒక మిషన్ ఆగిన పూట ఆ పెట్టె దించి, బాగా పాతవైన పది ఫ్లాపీలతో కాపీ తీయడం మొదలుపెట్టండి.