పెనురొద: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

మే నెల మధ్యాహ్నం. కవి ఏదో లెక్కల పట్టిక తెరిచాడు. బల్ల కింది కంప్యూటరు గుర్రుమని లేచింది. పక్క గదిలోంచి "ఏమండీ, పిండిమర పెట్టారా?" అని ధర్మపత్ని అడిగింది. ఈ పద్యానికి బీజం ఆ ప్రశ్నే. ఆదికవికి క్రౌంచవధ వల్ల శ్లోకం పలికిందంటారు. ఇక్కడ చచ్చింది మధ్యాహ్నపు నిద్ర ఒక్కటే.

కవీ వ్యాఖ్యాతా ఒక్కరే కాబట్టి కవిహృదయాన్ని ఊహించాల్సిన పని లేదు. అయినా వ్యాఖ్యాతల అలవాటు కొద్దీ కొంత ఊహించాను. కొల్చారం వాడని మనం చెప్పుకునే మల్లినాథసూరి తన వ్యాఖ్యలకు సంజీవని, ఘంటాపథం అని ఘనమైన పేర్లు పెట్టుకున్నాడు. ఈ టీకకు నిశ్శబ్దిని అని పేరు.

ఆ.వె.
పెట్టెలోన ఫాను పెనురొద సేయఁగా
దుమ్ము దులిపి, పేస్టు తుడిచి పూసి,
పెద్ద రెక్క తెచ్చి బిగియించి మెల్లగాఁ
ద్రిప్పవలయు, చలువ తీరు చెడక.

ప్రతిపదార్థం

పెట్టెలోనన్ = కంప్యూటరు డబ్బాయందు; ఫాను = ప్రాసెసరు నెత్తిన కూర్చున్న పంకా; పెనురొద = పెద్దదియైన చప్పుడును; చేయఁగాన్ = చేయుచుండగా; దుమ్ము దులిపి = పేరుకొన్న ధూళిని పోగొట్టి; పేస్టు = వేడిని దాటించెడి జిగట లేపనమును (దంతధావనమునకు వాడునది కాదు); తుడిచి పూసి = పాతదానిని తుడిచి, కొత్తదానిని పూసి; పెద్ద రెక్క = వెడల్పయిన ఫానును; తెచ్చి = కొని తెచ్చి; బిగియించి = కదలకుండ బిగించి; చలువ తీరు = చల్లబరచు గుణము; చెడక = చెడకుండునట్లుగా; మెల్లగాన్ = తక్కువ చుట్లతో; త్రిప్పవలయున్ = త్రిప్పవలెను.

తాత్పర్యం

చప్పుడు చేసేది వేగం. చల్లబరచేది గాలి. గాలి తగ్గకుండా వేగం తగ్గించుకోవచ్చు.

విశేషాలు

పెనురొద: విశేషణ పూర్వపద కర్మధారయం. ఫాను అన్యదేశ్యం, దాని చప్పుడు మాత్రం అచ్చతెలుగు: గుయ్యి, గిర్రు, కటకట. ఏ చప్పుడో గుర్తుపట్టకుండా వైద్యం చేయకూడదు. ఏడు రెక్కల ఫాను నిమిషానికి 2,400 చుట్లు తిరిగితే సెకనుకు 40 చుట్లు. ఒక చోట నిలబడి చూస్తే సెకనుకు 280 సార్లు రెక్క దాటిపోతుంది. మనకు తంబురా శ్రుతిలా వినిపించేది ఆ 280 హెర్ట్జ్ స్వరం. దీనికి వేగం తగ్గించడమే మందు. కటకట అయితే బేరింగు అరిగింది. ఆ ఫానుకు ఎన్ని తైలాలు పోసినా నాలుగు రోజుల ముచ్చటే, మార్చేయాలి. చేత్తో డబ్బాను నొక్కిపడితే ఆగిపోయే చప్పుడైతే రేకు అదురుతోందన్నమాట. రబ్బరు బిళ్ళలతో పోతుంది.

దుమ్ము దులిపి: కవి దీన్ని మొదట చెప్పడంలో లౌక్యం ఉంది. ఇది డబ్బు ఖర్చు లేని పని. ఫాను మీద కనిపించే దుమ్ము అసలు శత్రువు కాదు. ఫాను విప్పి తీస్తే కింద హీట్‌సింక్ అనే అల్యూమినియం రేకుల మీద అసలుది బొంతలా పరుచుకుని ఉంటుంది. వేలితో అంచు లేపితే చాప చుట్టినట్టు ఒకే ముక్కగా వస్తుంది. మా దాంట్లో అలాగే వచ్చింది, మధ్యలో ఒక ఈగ కూడా ఉంది. గాలి దూరే సందు మూసుకుపోతే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే మదర్‌బోర్డు ఫానును పరుగెత్తిస్తుంది. పెయింటు బ్రష్షు చాలు. బ్లోయరు వాడేవాళ్ళు రెక్కకు పెన్సిలు అడ్డం పెట్టాలి, లేకపోతే ఆ గాలికి ఫాను దాని శక్తికి మించి తిరుగుతుంది.

పేస్టు తుడిచి పూసి: ఇక్కడ ఒక శంక. రెండు క్రియలకూ కర్మ ఒక్కటే కనుక తుడిచిన పేస్టునే మళ్ళీ పూయమన్నాడా? కాదు. పాత, కొత్త అనే మాటలు గ్రంథవిస్తర భీతి చేత వదిలాడు. నిజం చెప్పాలంటే గణాలు కుదరలేదు.

ఇంకో శంక ఇంతకన్నా గట్టిది. పేస్టు పూసి, ఆ తర్వాత ఫాను తేవడానికి దుకాణానికి వెళ్ళమంటాడా? పాఠక్రమం కంటే అర్థక్రమం బలమైనదని మీమాంసకులు తేల్చారు. అగ్నిహోత్రం చేయాలి, గంజి వండాలి అని వేదంలో ఆ వరసన ఉన్నా, హోమం చేయాల్సింది ఆ గంజితోనే కనుక ముందు గంజే వండుతారు. అలాగే ఇక్కడా ముందు దుకాణం, తర్వాత పూత.

పూత ఎందుకంటే, ప్రాసెసరుకూ హీట్‌సింక్‌కూ నడుమ, నున్నగా కనిపించే రెండు లోహాల మధ్య కంటికి ఆనని గుంటల్లో గాలి ఉంటుంది. మీటరుకు, డిగ్రీకి ఇన్ని వాట్లని కట్టే లెక్కలో రాగి ఉష్ణవాహకత 400 దాకా ఉంటే గాలిది 0.026. పేస్టుది కొన్ని వాట్లే, అంటే రాగి కాలిగోటికి కూడా చాలదు. గాలి కన్నా మాత్రం వంద రెట్లకు పైగా మేలు. గాలి ఉన్న చోట అది ఉండాలి, లోహం ఉన్న చోట ఉండకూడదు. తమలపాకు మీద సున్నం లెక్క ఇదే. బఠానీగింజంత పెట్టి నొక్కితే అదే పరుచుకుంటుంది. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లన అనుకుని ఇడ్లీకి చట్నీలా పట్టించేవాళ్ళున్నారు, వాళ్ళు చేసేది వేడికి దుప్పటి కప్పడం. పాత పేస్టు ఎండి విభూతిలా రాలుతుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన గుడ్డతో తుడవాలి.

పెద్ద రెక్క: పద్యానికి ప్రాణం ఈ మాటే. దుకాణాల ప్రతిలో "పెక్కు రెక్క" అని పాఠభేదం ఉంది. గణం చెడలేదు, యతి చెడలేదు, జేబు చెడింది. ఒకేలాంటి రెండు ఫాన్లు పెడితే చప్పుడు 3 డెసిబెల్స్ పెరుగుతుంది. రెండింటినీ మెల్లగా తిప్పితే లాభమే గానీ, అమ్మేవాళ్ళు ఆ షరతు చెప్పరు. కనుక "పెద్ద" అన్నదే గ్రాహ్యం.

ఎందుకు పెద్దది? ఫాను తోసే గాలి చుట్లతో సమానంగా పెరుగుతుంది, వ్యాసంతో అయితే ఘనం లెక్కన పెరుగుతుంది. 92 మిల్లీమీటర్ల ఫాను 2,600 చుట్లతో తోసే గాలిని అదే పోలిక గల 120 మిల్లీమీటర్ల ఫాను సుమారు 1,200 చుట్లతో తోస్తుంది. చుట్లు సగమైతే చప్పుడు దాదాపు 15 డెసిబెల్స్ దిగుతుంది. పెద్ద రెక్క కనుక అందులో కొంత తిరిగి కలుస్తుంది, అయినా మిగిలేది మంచి లాభమే. ఒక చిక్కు ఉంది, కవి దాచాడు. మెల్లగా వచ్చే గాలికి ఒత్తిడి తక్కువ. ఇరుకు రేకుల మధ్య అది దూరదు. అందుకే పెద్ద ఫానుతో పాటు రేకులు కాస్త ఎడంగా ఉండే పెద్ద హీట్‌సింక్ కూడా తేవాలి. డబ్బా వెడల్పు కొలుచుకోకుండా వెళితే పక్క తలుపు మూసుకోదు.

బిగియించి: పక్కపక్క మరలు కాక ఎదురెదురు మూలలు, కొద్దికొద్దిగా. కారు టైరు మార్చినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

మెల్లగాఁ ద్రిప్పవలయు: "జోరుగా" అని ఇంకో పాఠం. చాలా మదర్‌బోర్డులు ఫ్యాక్టరీ నుంచి ఈ పాఠంతోనే వస్తాయి. బ్రౌజరు తెరవగానే ప్రాసెసరు లోపలి వేడి క్షణంలో పది, ఇరవై డిగ్రీలు ఎగురుతుంది. హీట్‌సింక్‌కు ఆ సంగతి ఇంకా తెలియనే తెలియదు. అప్పుడే ఫాను ఎగిరి లాభమేమిటి? అది లేవడం, పడడం, మళ్ళీ లేవడం. నిలకడగా ఉండే హోరుకు చెవి అలవాటు పడుతుంది, ఈ ఆయాసానికి పడదు. బయాస్‌లోకి వెళ్ళి కొన్ని సెకన్లు ఆగి స్పందించేలా పెట్టుకోవాలి. ప్రాసెసరు 70 డిగ్రీలకు చేరితే గుండెలు బాదుకోనవసరం లేదు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావాటికి హద్దు 100 డిగ్రీలు, అది తగిలితే తమ వేగం తామే తగ్గించుకుంటాయి.

నాలుగు తీగల ఫానుకు నాలుగో తీగ మీద సంకేతాన్ని సెకనుకు 25,000 సార్లు ఆపి ఇస్తూ వేగం మారుస్తారు. మన చెవి 20,000 దాటితే వినదు కనుక ఆ ఈల మనదాకా రాదు. పూర్వీకులు 12 వోల్టుల తీగకూ 5 వోల్టుల తీగకూ మధ్య ఫానును కలిపి 7 వోల్టులతో నడిపేవారు. అది సాహసం, ఇప్పుడు అవసరం లేదు.

చలువ తీరు చెడక: పరీక్షించకుండా ఈ మాట అనకూడదు. అదే పని, అదే గది, అరగంట సేపు. ఏ ఫానూ గది వేడికన్నా కిందికి చల్లబరచలేదు. జనవరిలో చూసి మురిసిన అంకెకు మే నెలలో గది వేడి పెరిగిన పదిహేను డిగ్రీలూ కలుపుకోవాలి.

శంక: పక్క తలుపు తీసి టేబుల్ ఫాను పెడితే సరిపోదా?

సమాధానం: ఇది లోకాచారం, చాలా ఇళ్ళలో ఉంది. చలువ నిజమే. రొద సంగతి అడిగిన వాళ్ళే మొదటి పాదం మళ్ళీ చదువుకోవాలి.

ఛందస్సు: ఆటవెలది. యతులు పె-పె, దు-తు, పె-బి, ద్రి-తీ. అలంకారం స్వభావోక్తి.

వ్యాఖ్యాత స్ఖాలిత్యం: సికింద్రాబాదు పారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 120 మిల్లీమీటర్ల ఫాను కొని, పద్యంలో ఉన్నవన్నీ వరసగా చేసి, మూత వేసి, స్విచ్చు నొక్కాను. పిండిమర ఆగింది. వేడి మాత్రం తగ్గలేదు. మూత తీసి అగరువత్తి వెలిగించి పట్టుకుంటే పొగ ఎదురు దిక్కుకు పోతోంది. చాలా ఫాన్ల చట్రం పక్కన గాలి ఎటు పోతుందో బాణం గుర్తు ఉంటుంది. బిగించే ముందు చూడండి. నేను చూడలేదు.