వాల్టా వారి పాతాళ పాలన

మన భూగర్భ జలాలకు ఢోకా లేదు. 2002లోనే వాటిని నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా)లో పెట్టి తాళం వేశాం. బోరు వేయాలంటే వాల్టా అనుమతి కావాలి, ఉన్న బావిని నమోదు చేయించాలి, రిగ్గు బండికి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఊరి మంచినీళ్ల బావికి 250 మీటర్ల లోపు సేద్యం బోరు వేయకూడదు. చదువుతుంటేనే గొంతు తడుస్తుంది.

ఇక పొలం దగ్గరికి వద్దాం. పొద్దుగూకాక తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు దిగుతుంది. అంతకుముందే ఓ పెద్దాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని చేనంతా తిరిగి, కాయ నిక్కిన చోట పాయింటు పెట్టి, దక్షిణ పుచ్చుకొని పోయాడు. భూగర్భ జల శాఖలో జియాలజిస్టూ ఉన్నాడు. పాపం, ఆయన దగ్గర ఫారాలున్నాయి గానీ కొబ్బరికాయ లేదు. తెల్లారేసరికి పక్కవాడి వేరుశెనగ ఆకుల మీద తెల్లటి రాతిపొడి. నాలుగొందల అడుగులైనా తడి లేదు. "అన్నా, ఇంకో రెండొందలు దించేదా?" అంటాడు రిగ్గువాడు. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది. మన నల్లరాతి నేలల్లో వాననీరు నిలిచేది పైనున్న మెత్తటి పొరలోనూ, దాని కింది నెర్రెల్లోనూ. అప్పు మాత్రం ఎంత లోతుకైనా దిగుతుంది. అనుమతా? నీళ్లు పడ్డాక చూసుకోవచ్చు.

నీరు మరీ అడుగంటిన ఊళ్లలో కొత్త సేద్యం బోర్లకు నిషేధం. భేష్. మరి ఇరవై ఏళ్ల కిందటే ఐదు బోర్లు దించి, వరి పెట్టి, రాత్రీపగలూ తోడే ఆసామి? ఆయన పాతకాపు, ఆయన జోలికెవరూ పోరు. ఒక్క బోరుకు దరఖాస్తు పెట్టిన రెండెకరాల రైతే పర్యావరణ శత్రువు! చట్టం బొక్కలు లెక్కపెడుతుంది, నీళ్లు కాదు. నీళ్లు లెక్కపెట్టాలంటే మోటారుకు మీటరు పెట్టాలి. ఆ మాట ఎత్తిన నాయకుడికి డిపాజిట్ దక్కదు.

అందుకే ఒక చేత్తో అనుమతి పత్రం, మరో చేత్తో 2004 నుంచి ఉచిత కరెంటు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి అది 24 గంటలు. ఆటో స్టార్టర్లు పీకేయండి బాబూ అని రైతులను బతిమాలిందీ అదే సర్కారు.

అలాగని నీళ్లు లెక్కపెట్టినవాళ్లే లేరని కాదు. అనంతపురం లాంటి కరువు జిల్లాల్లో రైతులే బావుల్లో నీటిమట్టం కొలుచుకొని, రబీకి ముందు ఊరంతా కూర్చొని ఉన్న నీళ్లకు తగ్గ పంట ఎంచుకున్న రోజులున్నాయి. ఆ కొలతలకు తహశీల్దారు ముద్ర లేదు గనక వాటిని ఏ ఫైల్లో పెట్టాలో ఆఫీసుకు తోచలేదు.