రాగి బాయిలర్, పడమటి గాలి

విశాఖపట్నంలో చలే ఉండదని చెప్పేవాళ్ళంతా మే నెలలో వచ్చి వెళ్ళినవాళ్ళే. కార్తీకమాసం సగానికి వచ్చేసరికి జాలరిపేటలో మంకీ క్యాపులు పెట్టెల్లోంచి బయటపడతాయి. తెల్లవారుజామున 18 డిగ్రీలుంటే చాలు, వీధి వీధంతా వణుకుతుంది. చింతపల్లి దగ్గర లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకుంటుంది, వాళ్ళేం కావాలి అని అడిగి చూశాను. "ఆళ్ళకి సముద్రం లేదు కదండీ మేష్టారూ, మాకుంది. తడిగాలి బొమికల్లోకి దూరిపోతాది" అన్నారు. దీనికి ఎదురు చెప్పగల శాస్త్రజ్ఞుడు ఇంకా మా వీధిలోకి రాలేదు. మొత్తానికి వేణ్ణీళ్ళు లేనిదే ఎవరూ చెంబు ముట్టుకోరు.

గీజరుందిగా అంటారు. ఉంది, గోడమీద. సముద్రానికి ఇంత దగ్గర్లో బోరు వేస్తే వచ్చే నీళ్ళకు సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. ఆ ఉప్పూ సున్నమూ గీజరు కాయిల్ మీద పొరలు పొరలుగా పేరుకుని దాని ప్రాణం తీస్తాయి. మెకానిక్ ఎన్నిసార్లు వచ్చాడంటే, కాఫీలో పంచదార తగ్గించమని మా ఆవిడకు చెప్పేంత చనువు వచ్చేసింది అతనికి.

పోనీ గ్యాసు? దీపం-2 పథకం కింద అర్హులైన ఇళ్ళకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తున్న రోజులివి. కానీ 14.2 కిలోల గ్యాసును స్నానాలకు తగలెయ్యడానికి మా ఆవిడ ఒప్పుకోదు. "సిలిండరు వంటకి. మీ వీపుకి కాదు" అని తీర్పు చెప్పింది. దాని మీద అప్పీలు లేదు. అలా కట్టెల బాయిలర్ దగ్గరికి వచ్చాం. సెకండ్ హ్యాండ్‌ది, రాగిది. మొత్తం అయిదు వేలు దాటకూడదు. ఇనుముదైతే చవకే, కానీ జాలరిపేట గాలికి ఇనుము రెండు వర్షాకాలాలు చూడదు.

ఈ బాయిలర్ ఎరగని పిల్లల కోసం చెబుతున్నాను. నిలువుగా ఒక రాగి డ్రమ్ము. దాని నడుమ పైనుంచి కిందికి ఒక గొట్టం. గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్ళు. అడుగున ఇనపజల్లెడ, దాని కింద బూడిద. ఒక పక్క గరాటు, ఇంకో పక్క ముక్కు. కుళాయి ఉండదు. గరాటులో ఒక చెంబు చన్నీళ్ళు పోస్తే అవి అడుక్కి దిగి, పైకి తేలిన వేడినీళ్ళను ముక్కులోంచి బయటికి తోస్తాయి. పొయ్యనిదే ఇవ్వదు. కొన్ని ఆఫీసుల్లో ఫైలు కదిలే పద్ధతి కూడా ఇదే గనక అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఇందులో పెద్ద తెలివి ఉంది: ఎంత వాడుకున్నా బాయిలర్ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, ఒట్టిగా మాడదు.

పూర్ణా మార్కెట్ వైపు ఒక పాతసామాన్ల కొట్టులో దొరికింది. గూట్లో బిందెల వెనకాల, చిలుము పట్టి పచ్చగా ఉంది. కాటా మీద పెడితే తొమ్మిదిన్నర కిలోలు తూగింది. కిలో ఏడు వందలన్నాడు. అంటే 6,650. బేరమాడితే ఇల్లు గడవదన్నట్టు మొహం పెట్టాడు.

నేను బేరమాడలేదు. "ఇనపజల్లెడకీ కాళ్ళకీ రాగి రేటేమిటండీ?" అన్నాను. న్యాయమే అన్నాడు. అవి ఊడదీసి విడిగా తూచాడు, కిలోమీద రెండు వందల గ్రాములు. ఆ తర్వాత పక్కనున్న చెక్కసుత్తి తీసుకుని బాయిలర్ పొట్ట మీద మెల్లిగా తట్టడం మొదలుపెట్టాను. మోత విని లోహం పరీక్షిస్తున్నాననుకుని అతను కూడా తల పంకించాడు. లోపలినుంచి తెల్లటి పెచ్చులు రాలుతున్నాయి. ఎవరో మహానుభావులు తరాల తరబడి బోరునీళ్ళు కాచుకున్న సున్నం అది. గోరంత మందం, పగిలిన పింగాణీ చప్పుడు. ఒక్కొక్క దెబ్బకూ డబ్బు నేల రాలుతోందని అతనికి తెలిసేసరికి గోనెపట్టా మీద చిన్న గుట్ట అయింది. మళ్ళీ తూస్తే సరిగ్గా ఏడు కిలోలు. "లెక్కల మేష్టారా?" అన్నాడు. తెలుగు మేష్టార్నంటే నమ్మలేదు. రాగికి 4,900, ఇనుముకు 36. మిగిలిన 64 రూపాయలు బాయిలర్ను ఇంటికి తెచ్చిన ఆటోవాడి దృష్టిలో అడ్వాన్సు మాత్రమే.

సందులోకి దిగగానే "ఏటి మేష్టారూ, ఓడ గాని కొన్నారేటి?" అని పలకరింపు. నీళ్ళు పోసి చూస్తే నిప్పుగొట్టం అడుగున సన్నగా కారుతోంది. మాట్లు వేసే అతన్ని పిలిపించాం. నవసాగరం చల్లి, పొగలు రేపి, తగరం కరిగించి మాటు వేశాడు. మంట తగిలే చోట తగరం నిలుస్తుందా అని నా అనుమానం. అతను నవ్వాడు. "ఎనకాల నీళ్ళున్నంతసేపూ మాటుంటాది. నీళ్ళు నేపోతే మాటూ ఉండదు, బాయిలరూ ఉండదు." ముందు మంట ఎంత ఉన్నా వెనక నీళ్ళుంటే రాగి వేడి నూరు డిగ్రీల చుట్టుపక్కలే ఆగుతుంది, తగరం కరగాలంటే దానికి రెట్టింపు పైన కావాలి. ఈ సంగతి భౌతికశాస్త్రం పుస్తకంలో పది పేజీలు తిప్పితే గాని దొరకదు. ఇతను బీడీ వెలిగించుకునేలోగా చెప్పేశాడు.

పొగగొట్టం హార్బరు నుంచి వచ్చింది. పాత మరబోటు ఒకటి విప్పుతుంటే దాని ఇంజను గొట్టాన్ని మా ఎదురింటి తాత కొడుకు సైకిల్ మీద కట్టుకొచ్చాడు. చేపలకూరకి పిలిస్తే చాలన్నాడు. జాలరిపేటలో నేను అతన్ని చేపలకూరకి పిలవడమేమిటో నాకిప్పటికీ బోధపడలేదు. నూనెడబ్బా రేకుతో గొట్టానికి టోపీ. నాలుగు ఇటుకల మీద, దొడ్లోకి తెరుచుకునే స్నానాలగది గోడ పక్కన, ప్రతిష్ఠ పూర్తయింది. పేరు పెట్టాలి కదా. మన ఉక్కు ఫ్యాక్టరీ బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్నాయి. వాటి తోబుట్టువు గనక దీన్ని నాగావళి అన్నాను. "ముందు వెలగనీండి" అంది మా ఆవిడ.

సాయంత్రం ముహూర్తం పెట్టి అంటించాం. వెలగలేదు. ఊరికి ఆ చివర, 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలైన రిఫైనరీ గొట్టం మీద మంట రాత్రింబవళ్ళు ఆకాశాన్ని నాకుతుంటుంది. ఈ చివర నేను మోకాళ్ళ మీద కూచుని ఊదుతున్నాను. పొగ మాత్రం పుష్కలం. గొట్టంలోంచి పైకి పోవలసింది కిందికి దిగి, స్నానాలగదిలో తిరిగి, వంటింట్లో కాసేపు కూచుని, వీధి దాటి ఎదురింటి అప్ప డాబా మీద ఆరబోసిన నెత్తళ్ళ మీద వాలింది. అప్ప డాబా అంచుకొచ్చి నిలబడింది. "నా నెత్తళ్ళు నల్లబడిపోనాయి మేష్టారూ. ఇయ్యెవులు కొంతారు?" ఆవిడ గొంతు బోట్ల మీదివాళ్ళకు కూడా వినిపించే రకం.

అప్పుడు తాత వచ్చాడు. కట్టెతెప్ప మీద తెరచాపతో వేటాడిన తరం. ఇప్పుడు ఒడ్డున ఉన్నవన్నీ ఫైబర్ తెప్పలు, వాటికి ఇంజన్లు. తాత పొగను చూడలేదు, పొగ పోతున్న దిక్కు చూశాడు. "సాయంత్రం పూట గాలి సముద్రం మీద్నుంచి ఒత్తాది. గొట్టం ఇంకా సల్లగుంది. సల్లటి గొట్టంలోకి గాలి దిగిపోతాది గాని పొగెలాగెక్కుద్ది? తెల్లారగట్ల గాలి కొండమీద్నుంచి సముద్రంలోకి ఎల్తాది. మేం తెప్పలేసుకుని ఆ గాలికే ఎల్లేవోళ్ళం. ఎండెక్కినాక తిరిగిపోద్ది, దానికి తెరసాపెత్తుకుని ఒచ్చేసేవోళ్ళం. అప్పుడెలిగించండి."

రాత్రి నేల త్వరగా చల్లారుతుంది, సముద్రం నిదానం. అందుకే తెల్లవారేదాకా గాలి ఒడ్డు నుంచి నీళ్ళ మీదికి వీస్తుంది. ఏడో తరగతి పిల్లలకు కూడా పాఠం ఉంది. పాఠం ఉన్నంతమాత్రాన బాయిలర్ వెలగదు గదా. మర్నాడు నాలుగున్నరకి తాత దగ్గరుండి వెలిగించాడు. ముందు దినపత్రిక జిల్లా పేజీలు ఉండచుట్టి గొట్టం మొదట్లో మండించి, గొట్టాన్ని వేడిచేశాడు. పొగ ఒక్క గుటకలో పైకెక్కి, ఇళ్ళ కప్పుల మీదుగా సముద్రం దారి పట్టింది. పడమటి గాలి!

ఇక వంటచెరుకు. విరిగిన కట్టెతెప్ప దుంగలు ఊరికే ఇస్తామన్నారు. ఉప్పునీళ్ళలో నానిన కర్ర పొయ్యికి మంచిది కాదు, అందులోని క్లోరిన్ ఇనుమును తినేస్తుంది, పొగా విషమే. మొహమాటపడకుండా వద్దన్నాను. ఫైబర్ ముక్కల సంగతి చెప్పనే అక్కర్లేదు. బీచ్ రోడ్డులో బొండాం డొక్కలు గుట్టలుగా దొరుకుతాయి గాని, ఈ తేమలో అవి ఎండేసరికి శివరాత్రి వెళ్ళిపోతుంది. చివరికి సరుగుడు. పచ్చిగా ఉన్నా మండే కర్ర, వంటచెరుకుల్లో దానికి మించింది లేదని పేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు తీరమంతా ఈ చెట్లు ఒరిగిపోయాయి, కరెంటు లేదు, ఊరంతా కట్టెలే. అప్పుడు బాయిలరుండి ఉంటే వీధికి రాజును నేనే. ఇప్పుడు సరుగుడు కొనాలి, దాంతోపాటు కొబ్బరిచిప్పలు.

చిప్పల సమస్య అప్ప తీర్చింది. నెత్తళ్ళ నష్టపరిహారం కింద రోజుకో బకెట్ వేణ్ణీళ్ళు రాయించుకుంది. ఆవిణ్ణి చూసి తాత, తాతను చూసి తాత వియ్యంకుడు, ఆ తర్వాత ఎవరెవరో నాకు లెక్క తెలియదు. ఊరికే పట్టుకెళ్ళడం మర్యాద కాదని ఎవరి బకెట్లో వాళ్ళు ఎండు చిప్పలు వేసుకొస్తారు. ఒక చెంబు చన్నీళ్ళు వాళ్ళే పోస్తారు, ఒక చెంబు వేణ్ణీళ్ళు వాళ్ళే పడతారు. అయిదింటికి మా దొడ్లో జరిగే మీటింగులో చేపల రేటు నుంచి పెళ్ళి సంబంధాల దాకా తేలిపోతాయి. నా వంతు వచ్చేసరికి మాత్రం నీళ్ళు గోరువెచ్చన.

మొన్న పూర్ణా మార్కెట్‌కి వెళితే ఆ కొట్టతను గుర్తుపట్టాడు. రాగి రేటు పెరిగిందట, బాయిలర్ వెనక్కిస్తే కిలోకి వంద ఎక్కువిస్తానన్నాడు. ఇంటికొచ్చి చెప్పాను. మా ఆవిడ వేళ్ళ మీద లెక్క వేసుకుంది. నేను సంక్రాంతి శుభ్రానికని చెక్కసుత్తి చేతిలోకి తీసుకున్నాను.

"ఆగండి! ఆ సున్నం జోలికి మాత్రం వెళ్ళకండి. అమ్మేటప్పుడు తూకానికి పనికొస్తుంది" అంది.