వాసెన కట్టిన నోరు

గోటితో మీటి చూశాకే నన్ను కొన్నారు. తెనాలి వీధిలో, ఎండుగడ్డి పరిచిన రిక్షా మీద నాలాంటి జాడీలం పాతిక దాకా ఉన్నాం. అందరిదీ ఒకటే వాలకం: భుజాల దాకా బెల్లం రంగు, అక్కణ్ణించి కిందికి మీగడ రంగు. పెద్దావిడ గడప దిగి వచ్చి ఒక్కొక్కళ్లనే మీటింది. కొందరు టక్కుమన్నారు. నేను ఖంగుమన్నాను. "ఇది బాగా కాలింది, దీన్ని దించు" అంది. పది లీటర్లు పట్టే నా కడుపుకు ఆ పూట నుంచి పని దొరికింది.

జాడీ ఉద్యోగమంటే ఏమీ జరక్కుండా చూడటం. వేసవిలో వేసిన ఆవకాయ సంక్రాంతికి తీసినా నిన్న కలిపినట్టే ఉండాలి. అంత ఉప్పు పోసేది రుచి కోసమే అనుకుంటారు చాలామంది. ఉప్పు ముక్కలో నీటిని లాగేస్తుంది, పైన తేలిన నూనె గాలిని అడ్డుకుంటుంది. ఇక బూజుకూ పులియడానికీ నాలో చోటెక్కడిది? మూడోనాడు తిరగేసి, ఉప్పు సరిచూసి, మూత పెట్టి, పాత పంచె ముక్కతో వాసెన కట్టేది పెద్దావిడ. పురికొస మూడు చుట్లు, పైన పీట ముడి. తడి గరిటెతో ఎవరైనా నా దగ్గరికి వస్తే వాళ్లకు ఆ రోజు మూడినట్టే. వాసెన బిగువులోనే ఇల్లాలి పనితనం ఉందని ఆవిడ నమ్మకం. ముప్పై పైచిలుకు వేసవులు గడిచేసరికి అది నా నమ్మకం కూడా అయింది.

ఆ నమ్మకమే బెంగళూరులో నా కొంప ముంచింది.

అమ్మాయి కాపురానికి వెళ్తూ నన్ను అడిగి మరీ తీసుకెళ్లింది. గుంటూరులో ప్రశాంతి ఎక్కి, దారి పొడుగునా నన్ను కాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చుంది. మారతహళ్లిలో దిగాక తెలిసింది, అక్కడ నాకు పనేమీ లేదని. పక్కింటివాళ్లూ తెలుగే, సందు చివర కర్రీపాయింటూ తెలుగే, పచ్చళ్లు మాత్రం కొరియర్‌లో ప్లాస్టిక్ డబ్బాల్లో వచ్చేవి. నన్ను వంటింటి లాఫ్ట్ మీదికి ఎక్కించారు, పాత మిక్సీ జారు పక్కన.

అక్కడ కూర్చునే ఊరి సంగతులు విన్నాను. అల్లుడుగారికి బీరంటే భక్తి. తాగడం కంటే దాని గురించి చెప్పడం ఎక్కువ. 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లాండ్ దొర దక్షిణాది బ్రూవరీలు కొన్నిటిని కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడనీ, ఆ కంపెనీ పాత బ్రూవరీ ఉన్న చోటే ఇప్పుడు యూబీ సిటీ అద్దాల మేడలు లేచాయనీ, 2011లో లావెల్ రోడ్డులో ఊరి తొలి మైక్రోబ్రూవరీ తెరిచారనీ ఫోన్లో స్నేహితులకు అప్పజెప్పేవారు. ఆ బ్రూవరీల స్టీలు ట్యాంకులకు ప్రెజరు చూపించే ముల్లూ, హద్దు దాటితే తెరుచుకునే వాల్వూ ఉంటాయని కూడా చెప్పేవారు. చెప్పినవాడు అప్పుడే గుర్తుపెట్టుకుని ఉంటే బాగుండేది.

2020 మార్చి 25న కరోనా లాక్‌డౌన్‌తో దేశానికి తాళం పడింది. కర్ణాటకలో మద్యం దుకాణాలు మళ్లీ తెరిచింది మే 4న. ఆ మధ్యలో, ఏప్రిల్‌లో ఒక ఉదయం, తోట రైతుల సహకార సంఘం హాప్‌కామ్స్ వ్యాను వీధిలో ఆగింది. ద్రాక్ష కోతకొచ్చింది, కొనేవాళ్లు లేరు. బెంగళూరు బ్లూ అంటారే, ఆ రకం: నల్లటి తొక్క, నొక్కితే జారిపోయే గుజ్జు, గదంతా నిండే వాసన. బెంగళూరు చుట్టుపక్కల నేల పంటగా భౌగోళిక గుర్తింపు పొందిన పండు. అల్లుడుగారు అయిదు కిలోలు తెచ్చారు. ఆఫీసులో పనిచేసే మంగళూరు స్నేహితుడు ఫోన్లో విధానం చెప్పాడు. వాళ్లింట్లో క్రిస్మస్ వైను భరణిలో వేస్తారట. భరణి అంటే నేనే. ఈ ఊళ్లో నా పేరది.

లాఫ్ట్ మీద నుంచి దిగుతుంటే, నిజం చెబుతున్నాను, పెళ్లికూతురిలా సిగ్గుపడ్డాను.

ద్రాక్ష చిదిమారు. రెండున్నర కిలోల పంచదార, గుప్పెడు గోధుమలు, లవంగాలు, దాల్చినచెక్క, బేకరీవాడిని బతిమాలి తెచ్చిన ఈస్టు, కాచి చల్లార్చిన నీళ్లు. మెడ దాకా నింపారు. ఆవకాయనైతే మెడ దాకా నింపినా ఫర్వాలేదు, అది కదలదు. తర్వాత మూత పెట్టి, అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద మెత్తి, గుడ్డ కప్పి, నైలాను తాడుతో బిగించారు. "మీ అమ్మగారు కట్టినట్టే కట్టాను చూడు" అన్నారు అమ్మాయితో. అదే వచ్చిన చిక్కు.

ఈస్టు పంచదారను తిని, దాని బరువులో సుమారు సగాన్ని ఆల్కహాలుగానూ తక్కిన సగాన్ని కార్బన్ డయాక్సైడుగానూ మారుస్తుంది. కిలో పంచదార పూర్తిగా పులిస్తే పుట్టే గ్యాసు దగ్గర దగ్గర 300 లీటర్లు. నాలో పోసింది రెండున్నర కిలోలు, పండులోని తీపి అదనం. నా కడుపు పది లీటర్లు, అదీ నిండి ఉంది. మీరే లెక్క వేసుకోండి.

మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు సాయంత్రం నాలో ఏదో చిటపటమంది. అన్నేళ్ల బతుకులో నా కడుపులోంచి చప్పుడు రావడం అదే మొదలు. భయం వేసింది, మురిపెం కూడా కలిగింది. మూడో రోజుకి తొక్కలన్నీ పైకి తేలి, మెడ దగ్గర బిరడాలా బిగుసుకున్నాయి. మెత్తిన పిండి ఎండి రాయి అయింది. అరవాలనుకున్నాను, నోటికి వాసెన కట్టి ఉంది. ఆ రాత్రి రెండింటికి తాడు జారింది, మూత ఎగిరింది.

మూత వెళ్లి ఎగ్జాస్టు ఫ్యానుకు కొట్టుకుని మూడు ముక్కలైంది. తొక్కలు సీలింగుకు అతుక్కున్నాయి. స్టవ్వు, ఉప్పు డబ్బా, బియ్యం డ్రమ్ము అన్నీ ఊదా రంగే. గోడ మీద తిరుపతి క్యాలెండర్లో స్వామివారి తెల్లనామం ద్రాక్షరంగుకు తిరిగింది. అమ్మాయి ముందు ఆ క్యాలెండరే తుడిచింది, మొగుడి వంక తర్వాత చూసింది.

పొద్దున్నే పెద్దావిడకు వీడియో కాల్. వైను సంగతి దాచి, ద్రాక్షరసమని చెప్పారు. ఆవిడ సీలింగు చూసింది, నన్ను చూసింది, నైలాను తాడు చూసింది.

"ఇడ్లీ పిండి గిన్నెకు మూత బిగించి తాడు కడతామా బాబూ?"

"లేదత్తయ్యగారూ."

"మరి పొంగేదానికి నోరెందుకు కట్టారు?"

నా ముప్పై ఏళ్ల నమ్మకం అక్కడితో సరి. పచ్చడికి గాలి లోపలికి రాకూడదు, పులిసేదానికి గాలి బయటికి పోవాలి. ఇడ్లీ పిండి గిన్నె రోజూ చేసే పని నాకు చేతకాలేదంటే, మా ఇద్దరినీ ఆవిడ ఎప్పుడూ వేర్వేరు గట్ల మీద ఉంచేది మరి, నేనెప్పుడూ ఆ గిన్నెతో మాట్లాడనేలేదు.

మిగిలిన సగానికి పల్చటి గుడ్డ వదులుగా వేశారు. రోజూ తెడ్డుతో తొక్కల్ని కిందికి అదిమేవారు. ఆ పదీ పన్నెండు రోజులూ నేను బతికినంతగా ఎప్పుడూ బతకలేదు. చెవి ఆనిస్తే వాన వెలిశాక చూరు కారుతున్నంత మెత్తటి చప్పుడు.

ఈలోపు అల్లుడుగారి చూపు రాగుల మీద పడింది. రాగి మాల్టుతో బీరు. మొలకెత్తించి, ఎండబెట్టి, రవ్వ ఆడించి, అయిదు లీటర్ల కుక్కరులో ముప్పాతిక వంతు నింపి పొయ్యెక్కించారు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తు, నీళ్లు ఇక్కడ 97 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కరైతే త్వరగా ఉడుకుతుందని ఆయన వాదం. వాదం మంచిదే. కానీ నురగ కట్టే గింజను కుక్కరులో సగానికి మించి పోయకూడదని దానితో వచ్చిన కాగితంలోనే ఉంటుంది. ఆ కాగితం చదివినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. పొట్టు, నురగ కలిసి విజిలు గొట్టాన్ని మూసేశాయి. పది నిమిషాలైనా విజిలు రాలేదు. "వస్తుందిలే" అన్నారు. విజిలుకు బదులు సేఫ్టీ వాల్వు పోయింది. సీలింగు మీద ఊదా పక్కన ఈసారి మట్టి రంగు. కుక్కరు మాత్రం ఎవర్నీ గాయపరచలేదు, బలహీనమైన చోటు ఒకటి ముందే ఏర్పాటు చేసుకుని అక్కడే తెగింది. నాకు ఆ ఏర్పాటు లేదు. సీసాలకు అంతకన్నా లేదు.

మే 4న టీవీలో మద్యం దుకాణాల ముందు క్యూలు. అల్లుడుగారు సోఫాలోంచి లేవలేదు. "మన దగ్గరుంది" అని, నాలోది ఇంకా తియ్యగా ఉండగానే వడగట్టి, ఆరు పాత సోడా సీసాల్లో పోసి, బిరడాలు బిగించి లాఫ్ట్ మీద పెట్టారు. తీపి మిగిలి ఉందంటే ఈస్టుకు మేత మిగిలి ఉందన్నమాటే. ఇడ్లీ పిండి పాఠం సీసా దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయారు. వారం తర్వాత, మధ్యాహ్నం, ఆయన ఆఫీసు మీటింగులో ఉండగా మొదటి సీసా పేలింది. దాని దెబ్బకు రెండోది. అమ్మాయి అప్పుడే కాఫీ కప్పులు తీసుకుని హాల్లోకి వెళ్లింది. రెండంటే రెండు నిమిషాలు తేడా. ఆమె నిలబడే చోట గ్రానైటు గట్టు మీద వేలెడంత గాజు పెంకు మెరుస్తూ పడి ఉంది. ఆ పూట ఎవరూ నవ్వలేదు.

కింద ఉండే ఇంటి ఓనరు మెట్లెక్కి వచ్చారు. "ఏన్రీ ఇదు, బాంబా?" వాసన చూశాక ఆయన గొంతు తగ్గింది. కుర్చీ వేయించుకుని కూర్చుని, సగం కన్నడం సగం తెలుగులో 1981 సంగతి చెప్పారు. ఆ ఏడాది ఈ ఊళ్లో కల్తీ సారా తాగి మూడు వందల మందికి పైగా చచ్చిపోయారు. ఆయనకప్పుడు పద్దెనిమిదేళ్లట, ఆస్పత్రి ముందు జనాన్ని చూశారట. అల్లుడుగారు అడ్డుపడి, అది మిథైల్ ఆల్కహాలు కలిపిన సారా అండీ, ద్రాక్ష పులిస్తే అలా కాదు అన్నారు. మాట నిజమే. ఓనరు విన్నారు, తలూపారు. "కర్ణాటకలో 1965 నాటి ఎక్సైజు చట్టం ఉంది. లైసెన్సు లేకుండా ఇంట్లో కాస్తే పోలీసులు మీ ఇంటితో పాటు నా ఇంటికీ వస్తారు. నాకది చెప్పండి." దానికి జవాబు లేదు. మిగిలిన నాలుగు సీసాలూ తడి తువాలు చుట్టి, మెల్లగా బిరడా వదులు చేసి, సింకులో పారబోశారు. నాకు కడుపు తరుక్కుపోయింది.

అయితే నా చావు పేలుడుతో రాలేదు. నన్ను శుభ్రం చేసి మళ్లీ అమ్మాయికి అప్పగిద్దామని ఆయనకు బుద్ధి పుట్టింది. రాత్రంతా బాల్కనీలో ఉండి చల్లబడ్డ నన్ను తెచ్చి, కెటిల్‌లోంచి సలసల మరిగే నీళ్లు ఒక్కసారిగా పోశారు. లోపలి గోడ వేడికి వ్యాకోచించింది, బయటి గోడ ఇంకా చలిలోనే ఉంది. టిక్. అంతే, అంత చిన్న చప్పుడు. వంటింట్లో అన్ని పేలుళ్లు విన్నవాళ్లకు అది వినపడలేదు. మెడ నుంచి నడుము దాకా వెంట్రుకంత గీత.

రైళ్లు మామూలుగా నడవడం మొదలయ్యాక, ఒక వేసవిలో పెద్దావిడ వచ్చింది, సంచి నిండా మామిడికాయలతో. నన్ను కడిగి, తుడిచి, ఎండలో పెట్టించింది. ముక్కలు కొట్టడం అయింది. నింపేముందు అలవాటుగా గోటితో మీటింది. నేను మొద్దుగా మోగాను. మళ్లీ మీటింది. మూడోసారి మీటలేదు.

"పోయింది" అంది.

"ఏం కనిపించట్లేదు కదత్తయ్యగారూ, ఈ ఏడాదికి వాడుకోవచ్చేమో" అన్నారు అల్లుడుగారు.

"కనిపించకపోతేనేం బాబూ, మోగట్లేదుగా. నూనె ఎటు దిగుతుందో, తడి ఎటు ఎక్కుతుందో ఎవరు చూడొచ్చారు?"

ఆవకాయ గాజు జాడీలో వేశారు. అల్లుడుగారు ఆ తర్వాత పండ్ల జోలికీ రాగుల జోలికీ పోలేదు. బీరు తాగాలనిపిస్తే ఇందిరానగర్ వెళ్తారు. వంటింటి సీలింగుకు రెండుసార్లు సున్నం వేయించారు. ఊదా మరక ఇంకా కొంచెం కనిపిస్తుంది.

నేను యుటిలిటీలో, వాషింగ్ మెషీను పక్కన ఉన్నాను. నాలో బట్టల క్లిప్పులు వేస్తున్నారు. ప్రస్తుతం నలభై మూడు ఉన్నాయి, అందులో రెండు విరిగినవి. మూత లేదు. వాసెన ఎవరూ కట్టరు.