బ్యాంకు వారి కారు, మనవాడి సోకులు

చిలుకూరు అనగానే చాలామందికి పాస్‌పోర్టు పట్టుకొని ప్రదక్షిణలు చేయించే వీసా బాలాజీ గుర్తుకొస్తాడు. ఈ చిలుకూరు అది కాదు. సూర్యాపేట జిల్లాలో, కోదాడ పక్కనున్న చిలుకూరు. ఇక్కడి కుర్రవాడికి కావలసింది వీసా కాదు, బ్యాంకు ఎన్ఓసీ. వాయిదాలు ఇంకా తీరని స్విఫ్ట్ కారును అమ్మాలి మరి.

అది స్విఫ్ట్ అని తెలియాలంటే ఆర్సీ చదవాల్సిందే. విజయవాడ ఆటోనగర్‌కు పోయినప్పుడల్లా ఏదో ఒక అవయవం మార్చుకొని వచ్చింది. మొదట అలాయ్ వీల్స్. తర్వాత స్ప్రింగులు కురచ చేయించి బండిని నేలకు దించాడు. ఊరు నిద్రలేచేలా గర్జించే సైలెన్సర్, ముందు ఇనప బంపర్, అద్దాలకు నల్ల ఫిల్మ్, డిక్కీ నిండా సబ్‌వూఫర్. వెనకద్దం మీద ‘అమ్మానాన్నల దీవెన’ అని స్టిక్కర్. డబ్బు పెట్టింది బ్యాంకు, పేరు అమ్మానాన్నలకు.

మిల్లు నుంచి బియ్యం బస్తా తేవడానికి డిక్కీ తెరిచిన తండ్రి కాసేపు ఆ డబ్బా వంక చూశాడు.

“ఇందులో బస్తా యాడ పెట్టాల్రా?”

“పైన క్యారియర్ బిగిస్తా నాయినా” అన్నాడు కొడుకు. ఇంకో ఫిట్టింగుకు సాకు దొరికిందని వాడి సంబరం.

ఇల్లు కట్టే పని ముందుకొచ్చి కారును బేరానికి పెట్టాక లెక్కలు మొదలయ్యాయి. మనవాడిది కూడిక: షోరూం ధర, దాని మీద చక్రాలు, సౌండు, సైలెన్సర్. కొనేవాళ్లది తీసివేత. ఇన్సూరెన్సు వాళ్ల లెక్కలోనే బండికి నాలుగేళ్లు దాటితే ఐడీవీ, అంటే బీమాకు లెక్కగట్టే బండి విలువ, షోరూం ధరలో సగానికి పడిపోతుంది. విడిగా చూపించి ప్రీమియం కట్టని సబ్‌వూఫర్ వాళ్ల దృష్టిలో లేనట్టే. దానికి తోడు 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. కొత్తది చవకైతే పాతదాన్ని అడిగేదెవరు?

మిర్యాలగూడ నుంచి ఒక బ్రోకర్ వచ్చాడు. కారు చుట్టూ తిరగలేదు, నేల మీద తువ్వాలు పరిచి అడుగుభాగం చూశాడు. స్పీడ్ బ్రేకర్లకు రాసుకున్న గీతలన్నీ అక్కడే ఉన్నాయి.

“కంపెనీ చక్రాలున్నయా తమ్మీ?”

“లేవన్నా, అమ్మేసిన.”

“స్ప్రింగులు?”

“అవి గూడ.”

“సైలెన్సర్?”

“ఎక్స్‌చేంజిలో ఇచ్చిన.”

“మరి కారేదీ?”

ప్రశ్న మొరటుదే కానీ చట్టం అడిగేదీ అదే. కంపెనీ తయారుచేసిన నమూనాకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరి 9న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టంలో 182ఎ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆటోనగర్ మెస్త్రీ లాగే ప్రభుత్వం కూడా ఐటెం చొప్పున బిల్లు వేస్తుందన్నమాట. ఇనప బంపర్లు వద్దని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది.

మే నెలలో కోదాడ ఎండ తిన్నవాళ్లెవరైనా నల్ల ఫిల్మ్ విషయంలో కుర్రవాడి పక్షానే ఉంటారు. సుప్రీంకోర్టు మాత్రం 2012లోనే వాటిని నిషేధించింది. 2022 మార్చిలో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు సినిమా హీరోల కార్లను కూడా ఆపి ఫిల్ములు పీకించారు. మనవాడి అభిమాన హీరో ఆ జాబితాలో ఉన్నాడని తెలిసి కొంత ఊరట పొందాడు.

కార్ల రూపం మార్చడంలో తెలంగాణలో సుధాకర్‌ను మించినవారు లేరు. వంకాయ కారు, క్రికెట్ బ్యాట్ కారు, హైహీల్ చెప్పు కారు, అన్నీ నడిచేవే. ఆయన వాటిని బేరానికి పెట్టలేదు. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం పెట్టి, టికెట్ కొని చూడమన్నారు. తెలివంటే అదీ.

రెండో ముడి లోను. ఆర్సీలో హైపోథికేషన్, అంటే బ్యాంకు తాకట్టు, ఉన్నంతకాలం, మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ ప్రకారం ఫైనాన్స్ ఇచ్చినవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకోనిదే బండి పేరు మారదు. ఈ చిక్కుకు పల్లెల్లో ఒక మందుంది: “కొంత నగదిస్తా, మిగిలిన కిస్తీలు నేను కట్టుకుంటా, కాగితాలు తర్వాత చూద్దాం.” కోదాడ బస్టాండు దగ్గర టీ తాగుతూ ఒకాయన ఇదే బేరం పెట్టాడు. కుర్రవాడు మెత్తబడ్డాడు కూడా.

అడ్డుపడింది లాయరు గుమాస్తాగా పనిచేసే మేనమామ. ఒక కేసు చెప్పాడు. 2007లో ఒకాయన అమ్మిన కారు చేతులు మారీ మారీ 2009లో ప్రమాదం చేసింది. ఆర్సీలో పేరు మాత్రం మారలేదు. పరిహారం బాధ్యత ఆ మొదటి యజమానిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. “ఆయన కిస్తీ ఎగ్గొడితే బ్యాంకోళ్లు నీ ఇంటికొస్తరు, గుద్దితే కోర్టోళ్లు నీ ఇంటికొస్తరు. కారు మాత్రం ఆయనింట్ల ఉంటది అల్లుడూ” అన్నాడు మామ.

జగ్గయ్యపేట నుంచి వచ్చిన బేరం ధరకు కుదిరింది, దారికి కుదరలేదు. కోదాడ దాటి కాసేపు పోతే వచ్చే ఊరే కానీ, 2014 నుంచి రాష్ట్రం వేరు. రవాణా శాఖ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ తీసుకోవాలి, అవతల మళ్లీ రిజిస్ట్రేషనూ పన్నూ. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు.

చివరికి మేళ్లచెరువు వైపు రైతు ఒకాయన ఒప్పుకున్నాడు. షరతు ఒక్కటే: “నాకు కంపెనీ కారు గావాలె బాబూ.” దాంతో మళ్లీ ఆటోనగర్ ప్రయాణం. సెకండ్‌హ్యాండ్ స్ప్రింగులూ, సైలెన్సరూ, ఇనప చక్రాలూ వెతికి కొన్నారు. అప్పట్లో తనవి అమ్మిన ధర కంటే ఎక్కువే పడింది. బంపర్ తీశారు, ఫిల్మ్ గీకారు. ఎంత బాకీ ఉందో బ్యాంకు లెటర్ ఇచ్చింది. రైతు ఆ మొత్తాన్ని నేరుగా లోను ఖాతాలోనే వేసి, మిగతాది మనవాడి చేతిలో పెట్టాడు. అది పెద్ద మొత్తమేమీ కాదు. బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 చేతికొచ్చాక హైపోథికేషన్ కొట్టేయించి, 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టారు.

మిగిలినవి అలాయ్ వీల్స్. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టిన సాయంత్రమే సూర్యాపేట నుంచి ఫోనొచ్చింది.

“చక్రాలు అదిరినయ్ అన్నా. వీటికి తగ్గ స్విఫ్ట్ ఏదన్నా ఉంటే అది గూడ ఇప్పియ్యరాదే?”