నీళ్లలో గ్యాస్ ఉంది

రామగిరి మండలంలో సముద్రం కావాలంటే ముందు మూడున్నర కిలోల ఉప్పు కావాలి. లీటరు నీటికి 35 గ్రాముల చొప్పున వంద లీటర్ల తొట్టికి అంత పడుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలు బోర్డు మీద ఈ లెక్క కట్టగానే వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "మేడం, మా ఇంట్ల దొడ్డుప్పు బస్తా ఉంది, తేవాల్నా?" అన్నాడు. సైన్సు మేడం వద్దంది. మామిడికాయ తొక్కులో వేసే ఉప్పు వేరు, సముద్రపు చేపకు కావలసింది వేరు. అందులో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం కూడా తగుపాళ్లలో ఉండాలి. ఆ ఉప్పు హైదరాబాదులో అక్వేరియం సామాన్లమ్మే దుకాణం నుంచి వచ్చింది. నీళ్లు మాత్రం మా ఊరి వాటర్ ప్లాంటువే, ఎందుకంటే నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది.

బడి పేరు చెప్పను. సెంటినరీ కాలనీ చుట్టుపక్కల, రామగిరి ఖిల్లా గుట్ట కనిపించేంత దూరంలో ఉన్న బళ్లలో అదొకటి. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయినప్పుడల్లా కిటికీ అద్దాలు గల్లుమంటాయి, పిల్లలు తల కూడా ఎత్తరు. నేనక్కడ తెలుగు చెప్పేవాణ్ని. తొట్టి ఆలోచన హెడ్మాస్టరుది. మా పిల్లల్లో సముద్రం చూసినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే. తండ్రులు వందల మీటర్ల లోతు బొగ్గు బాయిలోకి రోజూ దిగి వస్తారు, పిల్లలు విశాఖపట్నం ఆర్కే బీచిలో మోకాలి లోతు నీళ్లలోకి కూడా దిగి ఉండరు. వాళ్లకు సముద్రం చూపించాలని ఆయన తన జేబులోంచి డబ్బు తీశాడు. ఈ మాట ముందే చెప్పడం న్యాయం. ఎందుకంటే తర్వాత ఆయన గురించి చెప్పబోయేవి అంత బాగుండవు.

ఫిబ్రవరి మొదట్లో తొట్టి వచ్చింది. పంపు, ఫిల్టరు, నీటి సాంద్రత చూసే గాజు గొట్టం కూడా దాంతోపాటే వచ్చాయి. ఆ గొట్టం మీద గీత 1.025 దగ్గర నిలవాలి. అక్కడికి తేవడానికి మేడం ఒక పూటంతా చెంచాతో ఉప్పు వేస్తూ, కలుపుతూ, మళ్లీ చూస్తూ గడిపింది. లోపల పేర్చడానికి ఎండు రాళ్లే తెచ్చారు. పగడాలు పెడదామని హెడ్మాస్టరు అంటే మేడం ఒప్పుకోలేదు, 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద వాటిని తాకితే కేసు అవుతుందని చెప్పింది. ఆ సాయంత్రానికి తొట్టి తయారు. తెల్లటి ఇసుక, నీలి లైటు, బుడగలు. పిల్లలు చుట్టూ మూగారు. మేడం చేతి సంచిలోంచి ఒక పచ్చి రొయ్యను తీసి నీళ్లలో వేసింది.

"చేపలేవి మేడం?"

"ఇంకో నెల ఆగాలె."

ఆ రొయ్య కుళ్లాలి. కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. ఆ అమ్మోనియాను తిని నైట్రైటుగా మార్చే సూక్ష్మజీవులు కొన్ని, ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చేవి మరికొన్ని. 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త సెర్గేయ్ వినోగ్రాద్‌స్కీ వీటి గుట్టు బయటపెట్టాడు. కొత్త తొట్టిలో ఇవి ఉండవు. రాళ్ల మీద, ఫిల్టరు స్పాంజిలో ఇవి స్థిరపడి చాలినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా చేపను వదిలితే, తన మొప్పల్లోంచి తానే వదిలే అమ్మోనియా దాన్ని చంపుతుంది. నీళ్లు ఎంత తేటగా కనిపించినా అంతే. పైగా నీటి పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది, సముద్రపు నీటి పీహెచ్ 8 పైనే.

మాకు అమ్మోనియా కొత్తదేం కాదు. పక్కనే రామగుండంలో పాత ఎరువుల కర్మాగారం 1999లో మూతబడి, కొత్తది 2021లో మొదలైంది. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా తయారుచేసే సామర్థ్యం దానిది. టన్నుల్లో అమ్మోనియా తయారయ్యే చోట పుట్టిన పిల్లలకు మా మేడం దాన్ని లీటరుకు మిల్లీగ్రాముల్లో కొలవడం నేర్పింది. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పోసి, రెండు సీసాల్లోంచి చుక్కలు వేసి, ఊపి, అయిదు నిమిషాలు ఆగాలి. పసుపు రంగు ఉంటే అమ్మోనియా లేనట్టు. ఆకుపచ్చ ఎంత ముదిరితే విషం అంత ఎక్కువ.

ఆ పని ఒక అమ్మాయికి అప్పగించారు. తండ్రి బాయిలో మైనింగ్ సర్దార్, మనుషులు దిగేముందు గాలి చూసేవాడు. ఆ పిల్ల ఒక పాత లెక్కల నోటుబుక్కుకు అట్టవేసి, గీతలు కొట్టి, తేదీ, టైము, రంగు, సంతకం అని నాలుగు గడులు పెట్టింది. ఆ పద్ధతి ఎక్కడిదో అడగనక్కర్లేదు.

తల్లిదండ్రుల సమావేశం నాడు ఆ సర్దార్ వచ్చి తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డాడు. మిగతావాళ్లు ఖాళీ తొట్టినీ కుళ్లిన రొయ్యనూ చూసి ముక్కులు మూసుకుని వెళ్లిపోతుంటే, ఆయన కూతురి రిజిస్టరు మొదటి పేజీ నుంచి చదివాడు.

"మంచి పని చేస్తున్నరు మేడం. గాలి చూడంది మనిషిని దించొద్దు. మా నాయన కాలంల సేఫ్టీ ల్యాంపు ఉండె. మంట మీద నీలి టోపీ లెక్క కనవడ్డదంటే గ్యాస్ ఉన్నట్టు. గిప్పుడు మీటర్లు వచ్చినయి. 1.25 శాతం దాటితే కరెంటు బంద్, మనుషులు బయటికి. ఉత్పత్తి ఎంత ఆగితే ఏంది, ముందు మనిషి."

గాలిలో మీథేన్ 5 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. 1.25 దగ్గరే ఆపేయడంలో ఉన్న వివేకం అదే. పక్కనే నిల్చున్న హెడ్మాస్టరు ఈ మాటలన్నీ విన్నాడు, తల కూడా ఊపాడు. సర్దార్ వెళ్లాక నాతో, "అది బాయి, ఇది తొట్టి. రెండింటికీ పొంతనేంది?" అన్నాడు.

మర్నాడే కబురొచ్చింది. ఫిబ్రవరి 28, సైన్సు దినోత్సవానికి ముఖ్య అతిథి వస్తున్నారు. ఎవరో చెప్పను, పెద్ద హోదా. తొట్టికి ఆయన చేతే రిబ్బన్ కత్తిరింపు.

"కుళ్లిన రొయ్యకు రిబ్బన్ కట్ చేయిస్తమా మేడం?" అన్నాడు హెడ్మాస్టరు.

మేడం మార్చి నెలాఖరు దాకా ఆగుదామంది. ఆయన సరే అన్నాడు. రెండు రోజులకు హైదరాబాదు నుంచి రాత్రి బస్సులో థర్మాకోల్ పెట్టె దిగింది. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో రెండు నారింజ చారల క్లౌన్ చేపలు, ఒక నీలి చేప, ఒక ఎర్ర నక్షత్ర చేప, శంఖాలను వీపున మోసుకు తిరిగే చిన్న పీతలు రెండు. పిల్లలు "నీమో, నీమో" అని గంతులేశారు. ఆ ఉత్సాహంలో ఎవరి నోరు మాత్రం లేస్తుంది? మేడం నోరు కూడా లేవలేదు. ఆ పిల్ల మాత్రం గాజు గొట్టం వెలుగుకు పట్టి చూసి, రిజిస్టరులో "ఆకుపచ్చ" అని రాసి సంతకం పెట్టింది.

మొదటి రోజు బాగానే ఈదాయి. రెండో రోజు మధ్యాహ్నానికి క్లౌన్ చేపలు నీటి పైకి వచ్చి, మూతులు బయటపెట్టి గుటకలు వేయడం మొదలుపెట్టాయి. మొప్పలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. వాటికి ఆకలేస్తోందని ఎవరో ఇంకాస్త మేత వేశారు. తినని మేత అడుగుకు దిగి కుళ్లి, ఉన్న విషానికి మరింత తోడైంది. నక్షత్ర చేప అద్దం వదిలి కిందపడింది. మూడో రోజు దాని ఒక చేయి మెత్తబడి, కొస నుంచి తెల్లగా జారిపోతోంది. నీలి చేప రాయి వెనక ఇరుక్కుని చచ్చింది. నాలుగో రోజు పొద్దున క్లౌన్ చేపలు రెండూ పక్కకు ఒరిగి తేలాయి, రంగు మాత్రం చెక్కుచెదరలేదు. ఒక పీత శంఖంలోంచి బయటికి వచ్చి చనిపోయి ఉంది. రెండోది ఏ రాయి కింద ఉందో ఎంత వెతికినా దొరకలేదు.

హెడ్మాస్టరు ఆ పూట అన్నం తినలేదు. ఆయన బాధ నటన కాదు. తొట్టి మీద గుడ్డ కప్పించమన్నాడు. అక్కడ మాత్రం మేడం గట్టిగా నిలబడింది. "కప్పొద్దు సార్. ఇదే పెడదాం ప్రదర్శనలో. ఏం జరిగిందో పిల్లలే చెప్తరు."

అలా తయారైంది ఆ చార్టు. పైన ఎర్ర అక్షరాలతో "మా చేపలు ఎందుకు చచ్చిపోయినయి?" అని శీర్షిక. కింద రోజువారీ రంగులు, పసుపు నుంచి ఆకుపచ్చలోకి ముదురుతూ పోయే గడులు, ఏ గడి దగ్గర ఏ ప్రాణి పోయిందో గుర్తులు. తొట్టి ముందు ఆ పిల్ల ఒక చెక్క బోర్డు కట్టింది: "నీళ్లలో గ్యాస్ ఉంది. లోపలికి పోరాదు." నా ముప్పయ్యేళ్ల కొలువులో బడిపిల్లలు తయారుచేసిన అగ్నిపర్వతాలు, హైడ్రాలిక్ బ్రిడ్జిలు లెక్కలేనన్ని చూశాను. ఓడిపోయిన ప్రయోగాన్ని దాచకుండా పెట్టింది మాత్రం అదొక్కటే.

28వ తేదీ పొద్దున ఎనిమిదింటికి ఆ పిల్ల చివరి పరీక్ష చేసింది. ఇంకా ఆకుపచ్చే. దొరకని పీత ఎక్కడో కుళ్లుతూనే ఉంది.

ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చారు గాని, అందరిలా నడుచుకుంటూ వెళ్లిపోలేదు. ఆ తొట్టి దగ్గర ఆగారు. పిల్ల తడబడకుండా మొత్తం చెప్పింది: అమ్మోనియా, నైట్రైటు, నాలుగు నుంచి ఆరు వారాలు, బాయిలో సర్దార్ ముందు గాలి చూడటం, తర్వాతే మనుషులు దిగడం. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత వేదిక మీద మైకు పట్టుకుని, "సైన్సంటే ఓపిక. తొందరపడితే ప్రాణాలు పోతయని ఈ బిడ్డ మనకు నేర్పింది" అన్నారు. చప్పట్లు మోగాయి. మొదటి బహుమతి ఆ చార్టుకే. మేడం కళ్లలో నీళ్లు. సర్దార్ డ్యూటీ మధ్యలో పర్మిషన్ పెట్టి వచ్చి చివరి వరసలో నిలబడ్డాడు.

అప్పుడు హెడ్మాస్టరు అటెండరుకు సైగ చేశాడు. అతను ఒక పెట్టె తెచ్చాడు. ముఖ్య అతిథి చేతుల మీదుగా బహుమతి ఇప్పించడానికి హైదరాబాదు నుంచి మళ్లీ తెప్పించిన థర్మాకోల్ పెట్టె అది. లోపల సంచిలో రెండు క్లౌన్ చేపలు. వేదిక దిగి అందరూ తొట్టి దగ్గరికి నడిచారు. ఫొటోగ్రాఫరు స్టూలెక్కి, "సార్, ఆ బోర్డు జెర పక్కకు తీయించున్రి, అద్దంల చేపలు కనవడ్తలేవు" అన్నాడు. అటెండరు బోర్డు విప్పి గోడకు బోర్లా ఆనించాడు.

ముఖ్య అతిథి సంచికున్న రబ్బరు బ్యాండు తీశారు.

"సార్, వద్దు సార్, ఇంకా గ్రీన్ ఉంది సార్!" పిల్ల గాజు గొట్టం చేత్తో ఎత్తి చూపింది.

ఆయన ఆప్యాయంగా ఆ పిల్ల తలమీద చెయ్యి వేసి, "గ్రీన్ అంటే మంచిదే కద బిడ్డా, పోనీయి" అన్నారు. అందరూ నవ్వారు. సంచి వంగింది.

మర్నాడు పత్రిక జిల్లా పేజీలో నాలుగు కాలమ్‌ల ఫొటో వచ్చింది. అందులో చేపలు రెండూ బతికే ఉన్నాయి.