మెరిట్ చూసే కళ్లు

"మాకు కులం లేదు, మతం లేదు, ఆడా మగా తేడా లేదు. మెరిట్ ఒక్కటే!" హెచ్‌ఆర్ వారు ఈ మాట అంటే ఎదురు చెప్పకండి. మెరిట్‌ను వాళ్లంత త్వరగా పసిగట్టేవాళ్లు లేరు. రెజ్యూమేలో మొదటి లైను చాలు. మార్కులు, అనుభవం ఎక్కడో కింద పడుంటాయి, పాపం.

ఈ చూపు పదునెంతో 2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టీవెల్ అనే పరిశోధకులు లెక్కగట్టారు. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు సరిసమానమైన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడో వంతు, దళిత పేరుకు మూడింట రెండు వంతులు. లెడ్‌బై ఫౌండేషన్ అనే సంస్థ ఒకే రెజ్యూమేను ప్రియాంకా శర్మ, హబీబా అలీ అనే రెండు కల్పిత పేర్లతో వెయ్యి ఉద్యోగాలకు పంపి, ఫలితాలను 2022లో బయటపెట్టింది. ప్రియాంకకు 208 పిలుపులు, హబీబాకు 103. మిగతా సగం మెరిట్ పేరులోనే ఇంకిపోయింది కాబోలు!

మన దగ్గర ఇంత పరిశోధన అక్కర్లేదు. ఇంటర్వ్యూలో నోటితోనే అడిగేస్తారు.

"కె అంటే ఏంటి బాబూ, ఇంటిపేరా?"

చెప్పినా తేలలేదనుకోండి, "ఏ ఊరు?" అదీ చాలకపోతే, "ఊళ్లో ఎటువైపు మీ ఇల్లు?"

కోడింగ్ ఉద్యోగానికి ఈ భూగోళ శాస్త్రం ఎందుకో మరి!

అమ్మాయికైతే సిలబస్ వేరు. పెళ్లయిందా? మీవారేం చేస్తారు? పిల్లలా, ఇప్పట్లో లేనట్టేనా? ఆమె జవాబు చెప్పేలోపే ఎదుటాయన మనసులో 26 వారాల ప్రసూతి సెలవు లెక్క పూర్తవుతుంది. ఇద్దరు పిల్లల తండ్రి వస్తే మాత్రం "బాధ్యత తెలిసిన మనిషి". నియామకాల్లో ఆడవాళ్లపై వివక్ష చూపొద్దని 1976లోనే చట్టం చేశారు. దాన్ని కూడా మెరిట్ లేదని పక్కన పెట్టినట్టున్నారు.

పోనీ, యంత్రానికి అప్పగిద్దామా? అమెజాన్ ఆ ముచ్చటా తీర్చుకుంది. పదేళ్ల పాత దరఖాస్తులు చదివి నేర్చుకున్న ఆ యంత్రం, 'మహిళల' అన్న మాట కనిపిస్తే చాలు, మార్కులు కోసేసిందట. చివరికి దాన్ని మూలన పడేశారని 2018లో వార్తలొచ్చాయి. మనుషుల్ని చూసి నేర్చుకున్న పాపానికి దాని ఉద్యోగం పోయింది. నేర్పినవాళ్ల ఉద్యోగాలు భద్రం.

హెచ్‌ఆర్ వారికి ఒక్క మనవి. గ్రూప్స్ మెయిన్స్ పేపరు దిద్దేవారికి అది ఎవరిదో తెలియదు. మీరూ తొలి వడపోతలో పేరు, ఊరు, ఆడా మగా, పెళ్లి గడులు మూసేయండి. ఎలాగూ మీరు చూడనివేగా, మూస్తే మీకొచ్చే నష్టమేముంది?